మూడు సెకన్ల దీపం

సూర్ రేవుల, పడవలు చెక్కే దొడ్డి వెనక సందుల
నా దుకాణం. ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక సోల్డర్ కడ్డీ.
ఖల్ఫాన్ నోట్లె 'ప' పలకదు.
"బోశెట్టీ, నా వలకు ఒక దీపం గావాలె.
ఊకె వెలిగేది గాదు. అట్లాంటియి సముద్రం నిండ ఉన్నయి.
నాది నాదే అని దూరంకెల్లి తెల్వాలె."

డబ్బాలకెల్లి తీసిన. నల్లది, ఎనిమిది కాళ్లది.
తేలుకున్నన్ని కాళ్లు, కుట్టదు మాత్రం.
ఒకటో కాలు నేలకు, ఎనిమిదోది కరెంటుకు.
నాలుగోదాన్ని ఎనిమిదోదానికే కట్టెయ్యాలె,
వదిలేస్తే గాలి తాకినా ఉలికిపడ్తది.
రెండూ ఆరూ జంట.
ఐదోదానికి పనేం లేదు, అయినా
దాని పక్కన ఒక చిన్న కెపాసిటర్ను కావలి పెట్టాలె.
ఎందుకని అడిగిండు ఖల్ఫాన్ కొడుకు మాజిద్.
పనిలేనోని చెవులకే, బిడ్డా,
లేనిపోని మాటలు వినబడ్తయి.

నారింజ, నారింజ, పసుపు.
పసుపు, వంకాయ, నారింజ.
రంగులే అంకెలు. ఈ రెండు రెసిస్టర్లు సందిస్తెనే
పది మైక్రోల కెపాసిటర్లకు ధార.
మూడొంతుల్ల రెండు నిండంగనే
"ఇగ చాలు" అంటది చిప్పు.
ఒక్క వంతుకు దిగంగనే "నింపుకో పో" అంటది.
పూర్తిగ నిండనియ్యదు, పూర్తిగ ఎండనియ్యదు.
"మన కఫీల్ దగ్గర పనిజేసి వచ్చిందా ఏంది?"
అని నవ్విండు రూముల షాజహాన్.
నేను నవ్వలే. కడ్డీ వేడి మీదుంది.

ఎక్కేటప్పుడు చీకటి, దిగేటప్పుడు వెలుగు.
రెండున్నర సెకన్లు ఎక్కుడు, రెప్పపాటు దిగుడు.
తేలే డబ్బాల పన్నెండు వోల్టుల బ్యాటరీ
తెల్లారేసరికి నీరసపడ్తది, పడనీ.
వెలుగు సన్నబడ్తది, లెక్క సన్నబడదు.
మూడొంతుల్ల రెండు ఎంతల్నైనా
మూడొంతుల్ల రెండే గద.
ఎక్కువైతె మాత్రం ఓర్వదు:
ఖల్ఫాన్ బామ్మర్ది ఒకనాడు లారీ బ్యాటరీలు జోడించి
ఇరవై నాలుగు పెట్టిండు.
ఒక వాసన. అంతే.

ఆగస్టుల మళ్ల వచ్చిండు ఖల్ఫాన్, చెప్పులు ఇడువకుంటనే.
"నీ దీపానికి జ్వరం బోశెట్టీ!
సెకనుకు మూడుసార్లు కొట్టుకుంటుంది.
ఎవని వలనో అనుకోని పక్కకెల్లి పోయిన.
పొద్దుగాల చూస్తె నాదే. చేపలన్ని ఎండకు ఉబ్బినయి."

చిప్పు మీద పడ్డ. మార్చిన. అదే జ్వరం.
ఇంకోటి పెట్టిన. అదే.
అప్పుడు కెపాసిటర్ దిక్కు చూసిన, చూడొద్దనుకుంటనే.
కాలిపోయిన ఏసీ బోర్డుకెల్లి ఊడబెరికింది అది.
కొత్తదానికి వంద బైసలు,
ఆ వంద బైసలు నా జేబుల ఉన్నయి.
లోపలి తడంత ఆరిపోయింది. గిన్నె చిన్నగైంది.
చిన్న గిన్నె జల్ది నిండుతది, జల్ది ఒలుకుతది,
అదే దాని జ్వరం.
చిప్పు లెక్క ఎన్నడూ తప్పలే.

నూటైదు డిగ్రీలు తట్టుకునేది కొత్తది కొన్న.
మాజిద్ చేతుల పెట్టి, ఎందుకు పాడైందో చెప్పిన.
వాడు అరబ్బీల వాళ్ల నాయనకు చెప్పిండు.
ఖల్ఫాన్ చాలాసేపు దాన్ని వేళ్ల నడుమ తిప్పిండు,
ఆఖరుకు బల్ల మీద ఒక చేప పెట్టి పోయిండు.
ఉబ్బినదా, తాజాదా
నేను వాసన చూడలే.

ఇప్పుడు పదకొండు వలలకు నా దీపాలే.
ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్, ఒక్కో నడక.
దుకాణం మూసినంక ఒడ్డున నిలబడి
లెక్కబెడ్త: సాలెం బిన్ రబీది ఒకటిన్నర,
కుంటోడు హమూద్‌ది రెండు,
అన్నిటికన్న దూరంగ, అలల కింద మీద, మూడు.
అది వెలిగినప్పుడు నేను చూడ,
వెలిగి ఆరినంక
ఆ రెండున్నర సెకన్లే
ఊపిరి పట్టి చూస్త.